పన్నుల ఆచార్యుడు స్టాన్లీ సర్రీ

పూర్వము మన రాజులు పండితులకును, దేవాలయములకును, సేవకులకును మాన్యములు ఇచ్చెడివారు. మాన్యమనగా కేవలము భూమిని దానము చేయుట కాదు. పెక్కుచోట్ల ఆ భూమిపై రాజునకు రావలసిన శిస్తును వదలివేయుట. శిస్తు పూర్తిగా వదలిన భూమికి సర్వమాన్యమని పేరు. రాజు తన బొక్కసము నుండి ఏటేట వరహాలు తీసి యిచ్చినను, తనకు రావలసిన వరహాలను పుచ్చుకొనక మానినను, పొందువానికి కలుగు లాభమొకటే; బొక్కసమునకు కలుగు లోటును ఒకటే. ఈ సంగతి ఆ కాలపు రాజులకును, లెక్కలు వ్రాయువారికిని చక్కగా తెలియును. కనుకనే అట్టి దానములు శిలలపైనను, రాగిరేకులపైనను చెక్కబడినవి.

ఆధునిక ప్రభుత్వములు ఈ చిన్న సంగతిని చాలకాలము మరచియుండెను. బీదలకు ఆహారము పెట్టుటకు పది లక్షలు కావలెనన్న శాసనసభలో చర్చ జరుగును, పద్దు వ్రాయబడును, మరుసటి సంవత్సరము మరల అనుమతి పొందవలెను. కాని ఒక పరిశ్రమకు పది లక్షల పన్ను తగ్గించినచో, అది పన్నుల చట్టములో ఒక మూల చేరి, ఏ పద్దులోను కనబడక, ఏండ్ల తరబడి సాగును. ఈ రెండును ఒకే జాతి ఖర్చులని లెక్కవేసి చూపినవాడు అమెరికా దేశపు న్యాయశాస్త్రాచార్యుడు స్టాన్లీ సర్రీ.

సర్రీ 1910వ సంవత్సరమున న్యూయార్కు నగరమున జన్మించెను. ఆ నగరముననే సిటీ కాలేజీలో చదివి 1929లో పట్టభద్రుడయ్యెను. 1932లో కొలంబియా విశ్వవిద్యాలయము నుండి న్యాయశాస్త్ర పట్టము పొందెను. అది ఘోరమైన ఆర్థిక మాంద్యపు కాలము. 1933 నాటికి ఆ దేశములో పనిచేయగల నలుగురిలో ఒకనికి పని లేదు. ఆ సంవత్సరము రూజ్వెల్టు అధ్యక్షుడై క్రొత్త సంస్థలను స్థాపింపగా, చదువుకొన్న యువకులు పలువురు రాజధానియైన వాషింగ్టనునకు తరలిపోయిరి. సర్రీయు వారిలో ఒకడు. పరిశ్రమల పునరుద్ధరణ సంస్థలోను, కార్మిక సంబంధముల మండలిలోను కొంతకాలము పనిచేసి, 1937లో ఆయన ఆర్థిక శాఖలో చేరెను. పన్నుల చట్టముతో ఆయనకు ఏర్పడిన అనుబంధము అప్పటినుండి జీవితాంతము వరకు తెగలేదు.

రెండవ ప్రపంచ యుద్ధము ఆ చట్టమును తలక్రిందులు చేసెను. 1939లో అమెరికాలో ఆదాయపు పన్ను చెల్లించినవారు సుమారు 40 లక్షలు మాత్రమే. 1945 నాటికి వారు 4 కోట్లకు మించిరి. అంతవరకు ధనికుల వ్యవహారముగా నుండిన పన్ను సామాన్య ఉద్యోగికిని, కార్మికునికిని సంబంధించిన దయ్యెను. జీతము చేతికి రాకముందే పన్ను కోసికొను పద్ధతి 1943లో అమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరములలో ఆర్థిక శాఖ పక్షమున పన్నుల శాసనములను చూచు న్యాయవాది పదవిలో సర్రీ యుండెను. తరువాత కొంతకాలము నౌకాదళములో పనిచేసి మరల ఆర్థిక శాఖకు వచ్చెను.

1947లో ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1950లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు మారెను. విలియం వారెన్ అను మరియొక ఆచార్యునితో కలిసి ఆయన ఆదాయపు పన్నుపై ఒక పాఠ్యగ్రంథమును సంకలనము చేసెను. ఈ నడుమ, 1949లో, యుద్ధమున ఓడిన జపానుకు క్రొత్త పన్నుల విధానమును సూచించుటకై కార్ల్ షౌప్ నాయకత్వమున వెళ్లిన నిపుణుల బృందములో ఆయనయు ఒక సభ్యుడు.

చట్టమును లోపలనుండి చూచినవాడు కనుక, అందలి లొసుగులు ఎట్లు పుట్టునో ఆయనకు తెలిసియుండెను. 1957లో హార్వర్డు న్యాయశాస్త్ర పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసమునకు ఈ విషయమే వస్తువు. దానిని గ్రహించుటకు ఒక ఉదాహరణము చాలును. 1951లో అమెరికా కాంగ్రెసు పన్నుల చట్టములో ఒక నియమమును చేర్చెను. ఇరువది సంవత్సరములకు మించి ఒక సంస్థలో పనిచేసి, ఆ సంస్థ లాభములలో వాటా పొందు హక్కును పండ్రెండేండ్లుగా కలిగియుండి, ఉద్యోగము వదలిన పిమ్మట కనీసము ఐదేండ్లైనను ఆ వాటా పుచ్చుకొనగల ఉద్యోగి, ఆ హక్కును అమ్మినచో వచ్చు సొమ్ముపై తక్కువ పన్ను కట్టిన చాలునని దాని తాత్పర్యము. పైకి చూచిన ఇది దేశములోని ఉద్యోగులందరికిని ఉద్దేశింపబడినట్లే తోచును. కాని ఇన్ని షరతులకు లోబడినవాడు ఎవడు? ఆ మేలు పొందినవాడు హాలీవుడ్డు చలనచిత్ర సంస్థాధిపతియైన లూయీ మేయరు. కొలత తీసి కుట్టిన చొక్కా ఆ కొలత గలవానికే సరిపడునుగదా!

ఇందుకు శాసనసభ్యులందరును లంచగొండులను తేలిక సమాధానముతో సర్రీ తృప్తి చెందలేదు. పన్ను శాతము మిక్కిలి హెచ్చుగా నున్నపుడు ఒక చిన్న మినహాయింపు సైతము లక్షల విలువ గలదగును. దానికొరకు ప్రయత్నించువాడు గొప్ప న్యాయవాదులను నియోగించును. తన కష్టమును కన్నులకు కట్టునట్లు వివరించును. ఆ లోటును పూడ్చవలసిన కోట్లకొలది పన్ను చెల్లింపుదారులు మాత్రము ఆ గదిలో ఉండరు. వారి పక్షమున మాటలాడుటకు ఆర్థిక శాఖ అధికారి యొక్కడే మిగులును.

కొలది సంవత్సరములకే ఆ యొంటరి స్థానము సర్రీకే లభించెను. 1961లో అధ్యక్షుడు కెన్నెడీ ఆయనను పన్నుల విధానమును నిర్వహించు సహాయ కార్యదర్శిగా నియమించెను. సెనేటు సభ్యులు కొందరు ఆ నియామకమును తేలికగా అంగీకరింపలేదు. పన్ను రాయితీలపై ఆయన యంతకుముందు వ్రాసిన వ్రాతలనుగూర్చి సుదీర్ఘముగా ప్రశ్నించిరి. చమురు బావుల యజమానులకు ఆయనపై ప్రత్యేకమైన అనుమానముండెను. అందుకు కారణము లేకపోలేదు. ఏ వ్యాపారికైనను తాను పెట్టిన పెట్టుబడిని క్రమక్రమముగా ఖర్చుక్రింద వ్రాసికొనుటకు హక్కు కలదు. పెట్టుబడి మొత్తము తీరినతోడనే ఆ హక్కు ముగియును. చమురు బావి యజమాని యట్లు కాదు. 1926 నాటి చట్టము ననుసరించి అతడు బావి నుండి వచ్చు మొత్తపు రాబడిలో నూటికి 27½ వంతులను, నికరాదాయములో సగమునకు మించకుండ, ఏటేట పన్ను లేకుండ మినహాయించుకొనవచ్చును. పెట్టుబడి తీరిపోయినను ఈ మినహాయింపు తీరదు. చమురు వచ్చినంతకాలము వచ్చుచునే యుండును.

ఎనిమిది సంవత్సరములు సర్రీ ఆ పదవిలో ఉండెను. అమెరికా కంపెనీలు పన్నులేని చిన్న దేశములలో లాభములను దాచుకొనుటను కొంత అరికట్టిన 1962 నాటి చట్టమునకు ఆయన కృషి తోడ్పడెను. కాని అదే చట్టము యంత్రములు కొనువారికి నూటికి 7 వంతుల పన్ను రాయితీని గూడ ఇచ్చెను. రాయితీలను విమర్శించిన పండితుడు అధికారములోనున్నపుడే ఒక పెద్ద రాయితీ పుట్టుట విచిత్రమే. ప్రభుత్వమున పనిచేయువాడు తన మతమునంతటిని నెగ్గించుకొనలేడు.

ఆయన పేరును నిలిపిన ఆలోచన 1967 నవంబరు 15వ తేదీన న్యూయార్కులో చేసిన ప్రసంగమున వెలువడెను. ప్రత్యేకమైన పన్ను మినహాయింపులన్నియు వాస్తవమునకు ప్రభుత్వపు ఖర్చులేయనియు, వానిని ‘పన్ను వ్యయములు’ అని పిలిచి, ఆయవ్యయ పట్టికలోని ఇతర ఖర్చులవలెనే శాఖలవారీగా లెక్కకట్టి చూపవలెననియు ఆయన ప్రతిపాదించెను. మాట క్రొత్తది, చూపు అంతకంటె క్రొత్తది. మరుసటి సంవత్సరమే ఆర్థిక శాఖ అట్టి మొదటి పట్టికను తయారుచేసి ప్రకటించెను. వ్యవసాయము, గృహనిర్మాణము, ఆరోగ్యము మున్నగు శీర్షికల క్రింద, చట్టములో దాగియున్న దానములు మొదటిసారిగా అంకెలరూపమున బయటపడెను.

ఈ లెక్క యెందుకు ముఖ్యమో సర్రీ తరువాత ఒక ఉదాహరణముతో విశదీకరించెను. అమెరికాలో ఇల్లు కొనుటకు తెచ్చిన అప్పుపై కట్టు వడ్డీని ఆదాయమునుండి తీసివేసి మిగిలినదానికే పన్ను కట్టవచ్చును. వినుటకు ఇది సొంత ఇల్లు కోరువారికందరికిని మేలు చేయు నియమమే. దీనినే ఖర్చు రూపమునకు మార్చి చూడుడు. ఆనాడు సంవత్సరమునకు రెండు లక్షల డాలర్లకు మించి సంపాదించు దంపతులు నూటికి 70 వంతుల పన్ను శ్రేణిలో ఉండిరి. వారు నూరు డాలర్ల వడ్డీ కట్టినచో పన్నులో 70 డాలర్లు తగ్గును. అనగా వారి వడ్డీలో 70 డాలర్లను ప్రభుత్వమే కట్టినట్లు. పదివేల డాలర్ల ఆదాయము గల దంపతులకు ప్రభుత్వము కట్టునది 19 డాలర్లు. పన్ను కట్టునంతటి ఆదాయమే లేని బీద దంపతులకు ఒక డాలరైనను రాదు. నూరు డాలర్లును వారే కట్టుకొనవలెను. ధనికునికి డెబ్బది, మధ్యతరగతివానికి పంతొమ్మిది, బీదవానికి సున్న అని వ్రాసియున్న గృహనిర్మాణ పథకమును ఏ శాసనసభలోనైనను ప్రవేశపెట్టగల ధైర్యము ఎవరికుండును? పన్నుల చట్టపు ముసుగులో మాత్రము అది నిరాటంకముగా సాగుచుండెను. దీనిని ‘తలక్రిందులైన సహాయము’ అని ఆయన పేర్కొనెను.

1969 జనవరిలో ప్రభుత్వము మారినది. సర్రీ హార్వర్డునకు తిరిగిపోయెను. పదవి వదలు దినములలో ఆర్థిక మంత్రి జోసెఫ్ బార్ కాంగ్రెసు సంఘము నెదుట ఒక సంగతి చెప్పెను. రెండు లక్షల డాలర్లకు మించిన ఆదాయము గల 155 మంది ఒక సంవత్సరమున కేంద్ర ఆదాయపు పన్ను ఒక్క డాలరైనను చెల్లింపలేదట! వారిలో 21 మంది పది లక్షల డాలర్లకు పైగా ఆదాయము గలవారు. వారు చట్టమును అతిక్రమింపలేదు; చట్టమే వారికి దారి చూపినది. ప్రజలలో ఆగ్రహము చెలరేగెను. సర్రీ పర్యవేక్షణమున సిద్ధమైన సంస్కరణ ప్రతిపాదనలు కాంగ్రెసు చేతికి అప్పటికి అందియున్నవి. ఆ సంవత్సరాంతమున వచ్చిన చట్టము చమురు మినహాయింపును నూటికి 22 వంతులకు తగ్గించి, రాయితీల చాటున తప్పించుకొనువారిపై కనీసపు పన్నును విధించెను. ప్రతి సంవత్సరపు ఆయవ్యయ పట్టికతోబాటు పన్ను వ్యయముల జాబితాను జోడింపవలెనని 1974 నాటి శాసనము ఆదేశించెను.

సర్రీ వాదమును అందరును ఒప్పుకొనలేదు. యేల్ విశ్వవిద్యాలయాచార్యుడు బోరిస్ బిట్కర్ ఒక గట్టి ప్రశ్న వేసెను. ఏది మినహాయింపో చెప్పవలెనన్న, మినహాయింపు లేని సరియైన పన్ను ఏదో మొదట నిర్ణయింపవలెను గదా; దానిని నిర్ణయించువా రెవరు? మరికొందరు, పౌరుని సంపాదన పౌరునిదే, పుచ్చుకొననంత మాత్రమున అది ప్రభుత్వము ఇచ్చిన దెట్లగుననిరి. రెండవ ఆక్షేపణకంటె మొదటిది బలమైనది. మనుష్యుని ఆదాయమంతటిని ఒకే రీతిగా కొలుచుటయే ఆదాయపు పన్ను స్వభావమనియు, కనీస జీవనమునకు వదలిన మొత్తము, ఆదాయముతో పెరుగు పన్ను శాతము దాని అంగములేయనియు, ఒక పనిని ప్రోత్సహించుటకో ఒక వర్గమును ఆదుకొనుటకో చేర్చినవి మాత్రమే పన్ను వ్యయములనియు సర్రీ సమాధానము. సరిహద్దు ఎచ్చట గీయవలెనను తగవు నేటికిని తీరలేదు. అయినను జాబితా వ్రాయుట మానినవారు లేరు.

హార్వర్డులో ఆయన చేసిన మరియొక పని మన దేశమునకు సంబంధించినది. 1952లో అచ్చట అంతర్జాతీయ పన్నుల అధ్యయన కేంద్రము ఆయన ఆధ్వర్యమున ఏర్పడెను. క్రొత్తగా స్వతంత్రములైన దేశముల పన్నుల అధికారులు వచ్చి అందు చదువుకొనిరి. వివిధ దేశముల పన్నుల విధానములను వివరించుచు ఆ కేంద్రము వెలువరించిన గ్రంథమాలలో భారతదేశముపై ఒక సంపుటము 1960లో వచ్చెను. ధనిక దేశపు కంపెనీ బీద దేశములో లాభము గడించినచో, పన్ను ఎవరికి చెందవలెను? ఈ ప్రశ్నకై ఐక్యరాజ్యసమితి 1968లో నిపుణుల సంఘమును నియమించెను. ఆ కృషిలో సర్రీ పాల్గొనెను. లాభము పుట్టిన దేశమునకు తగిన భాగము దక్కునట్లు చేయు నమూనా ఒప్పందము 1980లో వెలువడెను.

సర్రీ 1984లో మరణించెను. పాల్ మెక్‌డానియెల్‌తో కలిసి పన్ను వ్యయములపై వ్రాసిన గ్రంథము మరుసటి సంవత్సరము ప్రచురింపబడెను. 1986లో అమెరికా కాంగ్రెసు అనేక రాయితీలను రద్దుచేసి, పన్ను శాతములను తగ్గించెను. కాని తరువాతి సంవత్సరములలో క్రొత్త రాయితీలు పుట్టుచునే వచ్చినవి. ఆయన వ్రాసియుంచిన జ్ఞాపకములు 2022లో గాని అచ్చుకాలేదు.

భారత ప్రభుత్వము ‘వదలుకొన్న రాబడి’ అను పేరుతో ఇట్టి పట్టికను మొదటిసారిగా 2006-07 బడ్జెట్టుతో పార్లమెంటునకు సమర్పించెను. తరువాత ఆ పేరు మారినది, పట్టిక నిలిచినది. అందు కంపెనీలను లాభముల పరిమాణమును బట్టి వర్గములుగా విభజించి, ఒక్కొక్క వర్గము తన లాభములో నూటికి ఎంత పన్నుగా చెల్లించినదో చూపిరి. 500 కోట్ల రూపాయలకు మించి లాభము గడించిన కంపెనీలు చిన్న కంపెనీలకంటె తక్కువ శాతము చెల్లించినట్లు ఆ పట్టికలు పెక్కు సంవత్సరములు చూపినవి.