వార్తల్లో పదం: మందిర ప్రతిష్ఠ

బెంగళూరు మోర్మన్ మందిరం వార్తల్లో ‘డెడికేషన్’ అన్న మాట వస్తుంటుంది. కట్టడం పూర్తయ్యాక ప్రార్థనతో దాన్ని దేవుడికి అంకితం చేయడమే ఈ ప్రతిష్ఠ. హైదరాబాద్‌లోని లాలాపేట్, నాచారం చర్చిల బ్యానర్ల మీద కనిపించే మాటే అయినా, మోర్మన్లుగా పిలిచే కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో దీని పద్ధతి వేరు.

మందిరం ఎక్కడ కట్టాలో సంఘ అగ్ర నాయకత్వం నిర్ణయిస్తుంది. బెంగళూరు పేరును 2018 ఏప్రిల్‌లో అప్పటి సంఘాధ్యక్షుడు రసెల్ నెల్సన్ ప్రకటించారు. 2020 డిసెంబరు 2న శంకుస్థాపన జరిగింది. నిర్మాణం ముగిశాక, ప్రతిష్ఠకు ముందు, కొన్నాళ్లు ‘ఓపెన్ హౌస్’ పెడతారు. అప్పుడు ఏ మతం వారైనా ఉచితంగా లోపలికి వెళ్లొచ్చు. పన్నెండు ఎద్దుల ప్రతిమల మీద నిలబెట్టిన బాప్తిస్మపు తొట్టిని దగ్గర నుంచి చూడొచ్చు. సొలొమోను దేవాలయంలోని నీటి తొట్టిని తలపించే ఏర్పాటది.

ప్రతిష్ఠ రోజున మూలరాయికి గార మెత్తుతారు, ప్రతిష్ఠ ప్రార్థన చదువుతారు, సభ్యులు తెల్ల రుమాళ్లు ఊపుతూ హోసన్నా అంటారు. ఆ తర్వాత అనుమతి పత్రం ఉన్న సభ్యులకే ప్రవేశం. ఆదివారం ఆరాధన ఇక్కడ జరగదు, అది మామూలు చర్చి భవనాల్లోనే. మందిరంలో జరిగేవి వివాహ బంధనం, పూర్వికుల తరఫున బాప్తిస్మం వంటి క్రతువులు.

మన తెలుగువారికీ ఈ సంఘంతో సంబంధం ఉంది. ఈ సంఘం భారత్‌లో తొలి ‘స్టేకు’ను, అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయాన్ని, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పాటు చేసింది. దేశంలో మందిరం లేక ఇక్కడి సభ్యులు ఈ క్రతువులకు విదేశాలకు వెళ్లాల్సి వచ్చేది. ఇతరులు ఏ మోర్మన్ మందిరాన్నైనా లోపల చూడాలనుకుంటే, ప్రతిష్ఠకు ముందే వెళ్లాలి.