శవం కోసం... ఓ రాత్రంతా!

హత్య జరిగింది. నిందితుడు దొరికాడు. నేరమూ ఒప్పుకున్నాడు. క్రైమ్ సినిమాకి ఇంకేం మిగిలిందంటారా? రెండున్నర గంటలు!

టర్కీ దర్శకుడు నూరీ బిల్గే జైలాన్ 2011లో తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అనటోలియా' మొదలయ్యేదే అక్కడ. రాత్రివేళ బోడి గుట్టల మధ్య మూడు వాహనాలు. వాటిలో పోలీసులు, ప్రాసిక్యూటర్, ఓ డాక్టరు, బేడీలతో నిందితుడు. శవాన్ని పాతిపెట్టిన చోటు చూపించాలి. 'గుండ్రటి చెట్టు ఉండాలి' అంటాడు. ఆరోజు తాగి ఉన్నాడు మరి! ఆగుతారు, దిగుతారు, ఇది కాదంటాడు, మళ్లీ ఎక్కుతారు.

ఛేజింగుల్లేవు, గుండె అదరగొట్టే సంగీతం లేదు. కారులో పోలీసుల కబుర్లేమో గేదె పెరుగు గురించి! మొదటిసారి నలభై నిమిషాలకే ఆపేశా. మరో రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక మళ్లీ పెట్టా. చెట్టు ఊపితే రాలిన ఓ ఆపిల్ గుట్ట మీంచి దొర్లి వాగులో పడి కొట్టుకుపోతుంటుంది. కెమెరా దాని వెంటే వెళుతుంది. ఆ ఆపిల్ దగ్గరే నేను దొరికిపోయా.

ఆ తర్వాత గ్రామపెద్ద ఇంట్లో కరెంటు పోతుంది. ఆయన కూతురు లాంతరు వెలుగులో టీ తెస్తుంది. ఆ పిల్లని చూసి ఒక్కొక్కరి మొహం ఒక్కోలా మారుతుంది. నిందితుడైతే ఏడ్చేస్తాడు. గ్రామపెద్దగా నటించిన ఎర్జాన్ కెసాల్ స్వతహాగా డాక్టరు. ఆ ప్రాంతంలో పనిచేసినప్పటి అనుభవమే ఈ కథకు మూలం. రచయితల్లో ఆయనా ఒకరు. కేన్స్‌లో ఆ ఏడాది గ్రాండ్ ప్రి, మరో చిత్రంతో కలిపి, దీనికీ దక్కింది.

అసలు పరీక్ష మాత్రం తెల్లారాక, పోస్ట్‌మార్టం బల్ల దగ్గర. శవం శ్వాసనాళంలో మట్టి! అంటే పాతిపెట్టేసరికి మనిషి బతికే ఉన్నాడన్నమాట. డాక్టరు ఆ మాట రిపోర్టులో రాయనివ్వడు. ఎందుకో ఎవరికీ చెప్పడు. జాలా? అలసటా? నాకైతే ముందు కోపమే వచ్చింది... నిజం దాచే హక్కు ఆయనకెవరిచ్చారని. కానీ రాస్తే, ఆ కాగితం చదవాల్సింది ఎవరు? బయట నిలబడ్డ భార్య, చిన్న కొడుకు.

డాక్టరు కిటికీలోంచి చూస్తుంటాడు. బడి పిల్లల బంతి ఒకటి ఎగిరొచ్చి దారిలో పడుతుంది. ఆ పిల్లాడు పరుగున వెళ్లి, దాన్ని తన్ని, మళ్లీ అమ్మ దగ్గరికి పరిగెడతాడు.