కాగితపు తూటాలు: వాని గుర్తులు, వాని విలువ

పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలోని పాత ఇండ్ల అటకలమీద, ఇత్తడి సామానుల నడుమ, కాగితపు గొట్టమును ఇత్తడి అడుగును గల తూటాలు అప్పుడప్పుడు కనబడుచుండును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు పూర్వము ఈ అడవులలో వేట సాగినది. నేడు పులులకు రక్షితప్రదేశమైన కవ్వాలు ఇందులోనిదే. ఇట్టి తూటాకు వెల యెంతయని మమ్ము అడుగువారు కలరు. వెలకు ముందు తెలిసికొనవలసినది, అందు మందు ఉన్నదా లేదా యని.

అడుగు నడుమనున్న టోపీమీద సూదిదెబ్బకు గుంట పడి, మూతి విచ్చుకొని, లోపల ఖాళీగా కనబడినచో అది పేలినది. మూతి మూసియున్నచో, టోపీమీద గుంట యున్నను సరే, మందుగల తూటాయే యని యెంచవలెను. పేలక మిగిలినవానికిని అట్టి గుంట యుండును. ఎంత పాతదైనను మందు చచ్చినదని నమ్మరాదు. దానిని కోయుట, కాల్చుట, ఎండలో పెట్టుట కూడదు. బడికి తెచ్చుట అసలే కూడదు. లైసెన్సు లేక దాని నుంచుకొనుట 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము నేరము. పిల్లలు ముట్టక పెద్దలకు చెప్పవలెను. పెద్దలు పోలీసు ఠాణాకు కబురంపవలెను. ఖాళీ గొట్టముల నుంచుకొనదలచిన వారును ఒకమారు అచ్చట అడిగి తెలిసికొనుట మేలు.

ఇక గుర్తుల సంగతి. అడుగుమీద గుండ్రముగా ముద్రించిన అక్షరములే తూటాకు జాతకము. అందు 12 అను అంకె సామాన్యముగా కనబడును. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు ఏ తుపాకి గొట్టమున సరిపోవునో అది 12 బోరు. కనుక అంకె పెరిగినకొలది గొట్టము సన్నగిలును. 16 బోరు 12 కన్న సన్నము.

ఈలీ వారు లండనులో 1828లోను, కైనాకు వారు బర్మింగుహాములో 1862లోను పని ప్రారంభించిరి. 1918లో ఈ రెండును ఒక్క కూటమిలో చేరినవి. కాబట్టి ఈలీ-కైనాకు అను జంటపేరు గల తూటాను ముత్తాతగారు 1890లో కాల్చిరని యెవరైన చెప్పినచో నమ్మనక్కరలేదు. కె.ఎఫ్. అను అక్షరములు పూనా యొద్ద ఖడ్కీలోని ప్రభుత్వ కర్మాగారమునకు గుర్తు. అడుగు ప్రక్కనుండి చిన్న మేకు పొడుచుకొని వచ్చినచో అది మిక్కిలి పాతది. ఫ్రాన్సు దేశస్థుడైన లెఫోషే 1830ల నాటికి కనిపెట్టిన పద్ధతి యది. తుపాకి సుత్తి ఆ మేకునే కొట్టును.

మూతియు కొంత చెప్పును. అంచును లోనికి చుట్టి, నడుమ అట్టబిళ్ల నుంచినది పాత తీరు. ఆ బిళ్లమీది అంకె లోపలి రవ్వల పరిమాణమును తెలుపును. అంచును నక్షత్రమువలె మడిచినది తరువాతి తీరు. 1960 నుండి ప్లాస్టికు గొట్టములు వచ్చినవి. అయినను కాగితపువి నిలిచిపోలేదు. కాగితమైనంత మాత్రమున పాతది కాదు.

విలువ విషయమున ఆశ పెట్టుకొనరాదు. పేలిన సాధారణపు 12 బోరు గొట్టమునకు వెల స్వల్పము. మేకు తూటాలు, 4, 8 వంటి అరుదైన బోర్లు, అమ్మకందారుని పేరు అచ్చుపడిన గొట్టములు సేకరించువారికి ప్రీతి. ఒక్కొక్కప్పుడు తూటాలకన్న చీటీ చెడని ఖాళీ అట్టపెట్టెకే హెచ్చు వెల పలుకును! మన వానకాలపు తేమకు కాగితము ఉబ్బును, చెదలు పట్టును. ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతో తోమినచో అక్షరములు అరిగి, ఉన్న విలువయు పోవును. పొడిగుడ్డతో తుడిచి, ఇది ఎవరి తుపాకిది, ఏ ఊరిలో దొరికినది అను సంగతిని వేరొక చీటీమీద వ్రాసి, పొడిగానున్న డబ్బాలో దానితో కూడ ఉంచవలెను.