ఇంటికో కెమెరా: ఎంచుకోవడం ఎలా?

పిల్లలు పెరుగుతున్నకొద్దీ ఇంటి ఖర్చుల జాబితా కూడా పెరుగుతుంది. అయితే ఆ జాబితాలో కెమెరా అనే పద్దు ఇప్పుడు అరుదుగా కనిపిస్తోంది. ‘చేతిలో ఫోను ఉండగా వేరే కెమెరా దేనికి నాన్నగారూ?’ అని మా అబ్బాయే నన్నడిగాడు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. జపానులోని కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో కంపెనీల నుంచి బయలుదేరిన డిజిటల్ కెమెరాలు సుమారు 12 కోట్లు. 2023లో అవి 80 లక్షలకు లోపే. తగ్గినవాటిలో అధికభాగం జేబులో పట్టే చిన్న కెమెరాలే.

అయినా మేము ఒకటి కొన్నాం. బరంపురంలో మాది ఉమ్మడి కాపురం. మా అమ్మ, మేమిద్దరం, కొడుకూ కోడలూ, ఏడేళ్ల మనవడు, కిందటేడు పుట్టిన మనవరాలు. మొత్తం ఏడుగురికి నాలుగు ఫోన్లు. పాప అన్నప్రాశన ఫోటోలు ఆ నాలుగింటిలోనూ తలా కొన్ని ఉండిపోయాయి. కోడలి ఫోనులో ఉన్నవాటిలో కోడలే లేదు, తీసింది తను గనుక. అమ్మకు ఫోను తాళం తీయడమే రాదు. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఫోను ఎవరి ఖాతా వారిది, కెమెరా ఉమ్మడి ఖాతా. కాబట్టి ఇంట్లో ఎవరి చేతికిచ్చినా మీట నొక్కితే ఫోటో పడేలా ఉండాలన్నది మా మొదటి నియమం.

ఇక దుకాణంలో ముందుగా వినిపించే మాట మెగాపిక్సెళ్లు. ఇది చాలావరకు పేరు గొప్ప, ఊరు దిబ్బ వ్యవహారం. కాగితం మీద అంగుళానికి 300 చుక్కలు ఉంటే ఫోటో స్పష్టంగా వస్తుంది. ఆ లెక్కన ఆల్బంలో పెట్టుకునే 4×6 అంగుళాల ఫోటోకు 1200ని 1800తో గుణిస్తే సుమారు 22 లక్షల చుక్కలు, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు చాలు. గోడకు తగిలించే 8×12 అంగుళాల పటానికైనా తొమ్మిది మించదు. కాబట్టి ఈ అంకె కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

డబ్బు పెట్టవలసింది వెలుతురును పట్టుకునే శక్తి మీద. పిల్లల ఫోటోలు ఎక్కువగా నడిమింట్లో, ట్యూబులైటు కింద, కుదురుగా ఉండని పిల్లలతో తీస్తాం. పరుగెత్తే పిల్లవాడు చెదరకుండా పడాలంటే లెన్స్ తలుపు సెకనులో 250వ వంతు లేదా అంతకన్నా తక్కువసేపు తెరుచుకోవాలి. అంత స్వల్ప వ్యవధిలో తగినంత వెలుతురు లోపలికి రావాలంటే రెండు చూసుకోవాలి. మొదటిది సెన్సారు పరిమాణం. మామూలు చిన్న కెమెరాల్లో అది సుమారు 6×4.5 మిల్లీమీటర్లు. ‘ఒక అంగుళం’ అని పిలిచే రకం పేరుకే అంగుళం, నిజానికి 13.2×8.8 మిల్లీమీటర్లు. అయినా వైశాల్యంలో మొదటిదానికి నాలుగింతలు. రెండవది లెన్స్ మీద ‘ఎఫ్’ పక్కన రాసే అంకె. ఇది ఎంత చిన్నదైతే అంత మేలు. 3.5 ఉన్నదాని కంటే 1.8 ఉన్నది నాలుగింతలకు కొంచెం తక్కువ వెలుతురును అదనపు శ్రమ లేకుండా లోపలికి తెస్తుంది.

ఆ తరువాత జూమ్. లెన్స్ కదిలి దగ్గర చేసే ఆప్టికల్ జూమ్‌నే లెక్కలోకి తీసుకోండి. డిజిటల్ జూమ్ అంటే ఫోటోను కత్తిరించి పెద్దది చేయడమే. అయితే పెద్ద సెన్సారు, పొడవైన జూమ్ రెండూ చిన్న కెమెరాలో ఇమడడం కష్టం. సోనీ ఆర్‌ఎక్స్100, కేనన్ జీ7ఎక్స్ వంటివి మొదటి కోవకు చెందినవి, ఖరీదూ ఎక్కువే. బడి వార్షికోత్సవంలో వేదిక మీది పిల్లలను వెనక వరుసనుంచి తీసేవారికి చిన్న సెన్సారు, పెద్ద జూమ్ ఉన్నవే పనికొస్తాయి. మీ పాత ఆల్బం తిరగేసి ఇంటి ఫోటోలెన్ని, వేదిక ఫోటోలెన్ని అని ఒకసారి లెక్క వేసుకోండి. మాకు ఇంటివే ఎక్కువ గనుక జూమ్ తగ్గించుకుని పెద్ద సెన్సారు ఉన్నది తీసుకున్నాం.

పాత కెమెరా కొనేవారు కార్డు ఏ రకమో చూడాలి. ఎక్స్‌డీ కార్డు అడిగే పాత మోడళ్లు చవకగా వచ్చినా, ఆ కార్డుల తయారీ ఆగిపోయింది. బ్యాటరీ విడిగా దొరుకుతుందో లేదో కూడా వాకబు చేయాలి. కొత్తదైతే మన దేశంలో చెల్లే వారంటీ, బిల్లు తప్పనిసరి. మా గోపాలపురం వైపులాగా, యానాం లాగా గాలిలో చెమ్మ ఎక్కువగా ఉండే ఊళ్లలో లెన్స్‌కు బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత ఉన్న డబ్బాలో కెమెరాను దాచుకోవాలి.

కొన్న రోజే కెమెరాలో తేదీ సరిచేయండి. ప్రతి ఫోటోతోనూ ఆ తేదీ నమోదవుతుంది. నెలకొకసారి ఫోటోలను రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి వేరే ఊళ్లోని బంధువుల ఇంట ఉంచితే ఇంకా భద్రం.

మా ఇంట్లో ప్రతి మూడు నెలలకూ యాభై ఫోటోలు ఎంచి ప్రింటు వేయిస్తున్నాం. బడిలో మనవడికి ఒడియా, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకుంటున్నాడు. ఆల్బంలో ఒక్కొక్క ఫోటో చూపించి అమ్మ వరసలు చెబుతుంటే, ‘మేనత్త’, ‘పెదతాత’, ‘పిన్ని’ అని వాడే కింద రాస్తున్నాడు. ‘వియ్యపురాలు’ రాయడానికి మూడు కాగితాలు చింపాడు. నాలుగోసారి సరిగ్గా రాశాడు. ఆ ఫోటో తీసింది మా అమ్మ.