పటము గీయుట

హైదరాబాదు మెట్రో రైలు 2018లో దిల్‌సుఖ్‌నగరు మీదుగా ఎల్.బి.నగరు చేరినది. మియాపూరునుండి వచ్చు ఆ మార్గము పటములో ఒక ఎఱ్ఱని గీత. దానిపై 27 స్టేషనులు. అమీరుపేటయొద్ద నీలిగీత దానిని కలియును. రైలు మారవలసిన చోట్లలో అది యొకటి. చదువురాని వృద్ధురాలైనను ఎల్.బి.నగరులో రైలెక్కి, వ్రేళ్లపై లెక్కించుకొని మూడవ స్టేషనులో దిగినచో దిల్‌సుఖ్‌నగరు చేరును. దారి ప్రక్కనున్న సందులు, దుకాణములు ఆమెకు అక్కఱలేదు.

1931లో హారీ బెక్ అను నమూనాలేఖకుడు లండను భూగర్భ రైలునకు ఇట్టి పటమును గీసెను. అధికారులు మొదట త్రోసివేసిరి. 1933లో అచ్చుకాగా జనులు మెచ్చిరి. అందు దూరములు సరిగా నుండవు. చుక్కలు దగ్గఱగా నున్నవిగదా యని ఎండలో నడువ బూనినవాడు అలసిపోవును! రైలెక్కువానికి మేలైన పటము నడచువానికి చాలదు.

విద్యార్థులు తమ యింటినుండి బడికి దారిని రెండు విధముల గీయవలెను: తాతగారికొకటి, సైకిలు తొక్కు బాలునికొకటి. తాతగారికి చెట్టునీడ, కూర్చుండుటకు అరుగు చూపవలెను. బాలునికి గుంటలు, వాహనముల రద్దీ. పిమ్మట ఆ దారి యెఱుగనివాని చేతికి పటము నీయవలెను. అతని వ్రేలు ఎచ్చట తడబడునో అచ్చట మరల గీయవలెను.