ఫ్రిజ్ చప్పుళ్లలో ఏది మామూలు, ఏది కాదు?

విజయవాడలో ఫ్రిజ్‌లు బాగుచేయడమే నా పని. ఎండలు ముదిరాయంటే ఫోన్లు మొదలవుతాయి. "ఫ్రిజ్‌లో బుడబుడమని చప్పుడొస్తోందండీ, గ్యాస్ పోతోందేమో" అంటారు. వెళ్లి చూస్తే పాలు చల్లగానే ఉంటాయి, ఐసూ గట్టిగానే కట్టి ఉంటుంది. చల్లదనం తగ్గనంతవరకూ ఆ బుడబుడకి భయపడక్కర్లేదు. అది గ్యాస్ తిరుగుతున్న చప్పుడే.

కంప్రెసర్ ఒత్తిడి పెట్టి తోసిన గ్యాస్, కాయిల్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది. అక్కణ్ణుంచి ఒక సన్నటి గొట్టంలోకి వెళ్తుంది. దాని లోపలి రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. అది దాటగానే ద్రవం ఆవిరైపోతూ ఫ్రీజర్‌లోని వేడిని లాగేస్తుంది. సుయ్‌మనడం, బుడగలు కదలడం అక్కడే. కంప్రెసర్ ఆగాక కూడా రెండు పక్కలా ఒత్తిడి సమానమయ్యేదాకా అవి వినిపిస్తాయి. కరెంటు పోయి వస్తే ఐదు నిమిషాలాగి ఫ్రిజ్ వేయమని చెప్పేది ఇందుకే.

ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్ అయితే అప్పుడప్పుడు కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్‌మంటుంది. మంచు కరిగించడానికి లోపల హీటరుంటుంది, కరిగిన చుక్కలు దానిమీద పడతాయి. పట్‌మనే చప్పుడు చలికి ముడుచుకునే ప్లాస్టిక్ గోడలది. ఇన్వర్టర్ ఫ్రిజ్ ఎంతకీ ఆగడం లేదని కంగారుపడతారు. అది వేగం తగ్గించుకుని ఎక్కువసేపు నడిచేలా చేసిందే.

గరగరమంటే ఫ్రిజ్ పక్కన చెయ్యి పెట్టి గట్టిగా అదమండి. చప్పుడు ఆగిందా, అయితే లోపం మిషన్‌లో లేదు. గోడకి ఆనుకుని ఉండొచ్చు, ముందరి కాలి స్క్రూ వదులై ఉండొచ్చు. పైన పెట్టిన స్టీలు గిన్నెల మోతే కంప్రెసర్ మోతనుకునేవాళ్లూ ఉన్నారు.

నేను భయపడే చప్పుడు వేరే. టక్‌మంటుంది, కొన్ని క్షణాలు మూలుగుతుంది, మళ్లీ టక్. నాలుగైదు నిమిషాలకి మళ్లీ అదే వరస. కంప్రెసర్ లేవలేకపోతోందన్నమాట. ఓల్టేజీ తక్కువై ఉండాలి, లేదా రిలే పోయి ఉండాలి, లేదా కంప్రెసరే దెబ్బతిని ఉండాలి. స్విచ్ తీసేసి మెకానిక్‌ని పిలవండి. అలా వదిలేస్తే బాగయ్యేది కూడా కాలిపోతుంది.

ఇంకొక్క మాట. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచుని చాకుతో పొడవకండి. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. మండే గ్యాస్. వంటగ్యాస్‌కి కలిపినట్టు దానికి వాసన కలపరు, కారినా ముక్కుకి తెలీదు. పొడిచినచోట బుస్సుమని వినిపిస్తే స్టవ్ ఆపండి, కిటికీలు తెరవండి, ఆ గదిలో ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికి వచ్చేయండి.