895 రోజుల రాజు

1947 నాటి నికెల్ రూపాయి ఎక్కడైనా దొరికితే తిప్పి చూడండి. బొరుసు వైపు పులి. బొమ్మ వైపు కిరీటం పెట్టుకున్న ఆరో జార్జి తల. స్వాతంత్ర్యం వచ్చిందని పండగ చేసుకున్న జనం కొంగుముడుల్లోనూ ఆయనే ఉన్నాడు. అశోకుడి సింహాలతో కొత్త నాణేలు వచ్చింది 1950 ఆగస్టు 15న. తపాలా శాఖ ఇంకాస్త ముందుంది: జెండా బొమ్మ, పైన జైహింద్ అన్న అక్షరాలతో మూడున్నర అణాల బిళ్ల 1947 నవంబరు 21నే విడుదలైంది.

నాణేల సంగతి టంకశాల జాప్యం అనుకుందాం. చట్టం మాటేమిటి? 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 25 దాకా లెక్కేస్తే 895 రోజులు. అన్ని రోజులూ భారత్ ఒక డొమినియన్, దాని రాజు ఆరో జార్జి. 1948 జూన్ 21న రాజాజీ గవర్నర్ జనరల్ అయ్యారు. ఆయన్ని ఎంచుకున్నది నెహ్రూ ప్రభుత్వమే అయినా నియామకం మాత్రం రాజు పేరుతోనే జరిగింది. ఆ మర్నాడు, జూన్ 22న, రాజు తన ‘భారత చక్రవర్తి’ బిరుదును అధికారికంగా వదులుకున్నాడు.

తెలుగువాళ్లకు ఇక్కడ రెండు లెక్కలున్నాయి. మద్రాసు రాష్ట్రంలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఈ 895 రోజులూ వర్తిస్తాయి. తెలంగాణ జిల్లాలు 1948 సెప్టెంబరు 17 దాకా నిజాం ఏలుబడిలోనే ఉన్నాయి. అక్కడి సంతల్లో చేతులు మారింది జార్జి తల కాదు, చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా.

ఢిల్లీ నిర్ణయాల్లో రాజు వేలు పెట్టింది లేదు. చిక్కల్లా మూలంలో ఉంది. మన స్వాతంత్ర్యానికి చట్టపరమైన ఆధారం 1947 జులై 18న బ్రిటిష్ పార్లమెంటు నుంచి వచ్చిన 20 సెక్షన్ల చట్టం. అంటే పత్రం వాళ్లది, ఇల్లు మనది. డొమినియన్ శాసనసభ చేసే చట్టాలకు రాజు తరఫున గవర్నర్ జనరల్ ఆమోదం తెలిపే అధికారం అందులోని 6వ సెక్షన్లో ఉంది. మన రాజ్యాంగ సభ ఆ గడప తొక్కలేదు. 1949 నవంబరు 26న ఆమోదించుకున్న రాజ్యాంగాన్ని రాజుకూ పంపలేదు, గవర్నర్ జనరల్ ఆమోదమూ కోరలేదు. సభాధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ సంతకంతో సరిపెట్టింది. చిట్టచివరి అధికరణ 395లో ఇంకో మెట్టెక్కి, ఆ 1947 చట్టాన్నే రద్దు చేసింది. పీఠికను బడిపిల్లలకు కంఠస్థం చేయిస్తాం గానీ, నా దృష్టిలో ఈ చివరి అధికరణే స్వాతంత్ర్య ప్రకటన.

ఒక్క సంతకం వద్దనుకోవడంలో ఏముంది అనిపిస్తే పాకిస్తాన్ వైపు చూడాలి. చట్టం అదే, సెక్షన్ అదే. 1954 అక్టోబరు 24న గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ అక్కడి రాజ్యాంగ సభను రద్దు చేశారు. సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ కోర్టుకెక్కారు. సింధ్ కోర్టులో గెలిచినా 1955లో ఫెడరల్ కోర్టులో ఓడిపోయారు. గవర్నర్ జనరల్ ఆమోదం లేనిదే రాజ్యాంగ సభ చేసినవి కూడా చట్టాలు కావని ఆ కోర్టు తేల్చింది. పాకిస్తాన్‌కు తొలి రాజ్యాంగం అమల్లోకి వచ్చేసరికి 1956 మార్చి 23 అయింది. అప్పటిదాకా రాజరికం కిందే, ఎనిమిదేళ్ల ఏడు నెలలు.

కోర్టుల ముడిని మనం ఇంకాస్త ముందే విప్పుకున్నాం. ఒకప్పుడు మన జమీందారీ దావాలు ఓడెక్కి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లేవి. పిఠాపురం సంస్థానం వివాదం 1918లో అక్కడే తేలింది. 1949 అక్టోబరు 10 నుంచి ఆ దారి మూసేశారు.

రాజును వదిలినా కామన్వెల్త్‌ను వదల్లేదు. రిపబ్లిక్‌గానే అందులో కొనసాగేందుకు 1949 ఏప్రిల్‌లో లండన్‌లో ఒప్పందం కుదిరింది. దాన్ని లొంగుబాటు అన్నవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ఇతర దేశాలకు దారి వేసింది అదే. నేడు 56 సభ్యదేశాల్లో 36 రిపబ్లిక్‌లు. బ్రిటన్‌తో కలిపి 15 దేశాలకు మాత్రమే ఛార్లెస్ రాజు. బార్బడోస్ 2021 నవంబరు 30న ఆ జాబితా నుంచి బయటపడింది.

మన తెలుగువాళ్లు తరాలుగా ఉగాది చేసుకుంటున్న మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమై, సరిగ్గా 24 ఏళ్లకు, 1992 మార్చి 12న రిపబ్లిక్ అయింది. అక్కడి కోర్టు తీర్పుల మీద ఆఖరి అప్పీలు మాత్రం ఇప్పటికీ లండన్ ప్రివీ కౌన్సిల్‌కే వెళ్తోంది.